పన్నెండేళ్ల సెడాన్ కొని నాలుగు నెలలైంది, అప్పుడే మూడుసార్లు షెడ్డుకి. బాగు చేయించాలా, వదిలించుకోవాలా?

నీలం సెడాన్ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. కార్ల గురించి నాకు తెలిసింది తక్కువ. ఏదైనా తప్పుగా రాస్తే సర్దుకుని చదవండి.

నాలుగు నెలల క్రితం పన్నెండేళ్ల నాటి పెట్రోల్ సెడాన్ ఒకటి కొన్నాను. మాన్యువల్ గేర్లు, మీటర్ మీద 1,28,000 కిలోమీటర్లు. అమ్మినాయన రెండో ఓనర్. నేను చూడ్డానికి వెళ్లేసరికే ఇంజిన్ స్టార్ట్ చేసి ఉంచాడు. ఏసీ చల్లగా వస్తోంది, సీట్లు శుభ్రంగా ఉన్నాయి, పెయింట్ మెరుస్తోంది. ఇంకేం చూడాలో తెలియక అవే చూశాను. సర్వీస్ బుక్ అడిగితే "ఇల్లు మారినప్పుడు ఎక్కడో పోయింది" అన్నాడు.

మొదటి నెలలో బ్యాటరీ పోయింది. బ్యాటరీయే కదా అనుకుని కొత్తది వేయించాను. రెండో నెల నుంచి స్పీడ్ బ్రేకర్ ఎక్కి దిగినప్పుడల్లా ముందు ఎడమవైపు టక్కుమని చప్పుడు. లింక్ రాడ్లు మార్చారు, చప్పుడు సగం తగ్గింది, సగం అలాగే ఉంది. ఇక గత వారం ట్రాఫిక్‌లో ఏసీ వేసుకుని పావుగంట ఇరుక్కుపోయాను. టెంపరేచర్ ముల్లు సగం దాటి పైకి ఎక్కడం మొదలెట్టింది. వెంటనే ఏసీ ఆపేశాను. బండి కదిలి కాస్త స్పీడ్ అందుకున్నాక మళ్లీ మామూలు చోటికి దిగింది.

షెడ్డులో చూపిస్తే మెకానిక్ కాగితం నిండా రాసిచ్చాడు. టైమింగ్ బెల్ట్, వాటర్ పంప్, థర్మోస్టాట్, రెండు లోయర్ ఆర్మ్‌లు, టాపెట్ కవర్ ప్యాకింగ్, ఇంజిన్ మౌంటింగులు, ముందు బ్రేక్ డిస్కులు, క్లచ్ సెట్టు. చివర్లో "టైర్లు కూడా చూసుకోండి సార్" అన్నాడు. అన్నీ కలిపితే నేను బండి కొన్న ధరలో సగానికి దగ్గరగా వస్తోంది.

మా బావ "నేను ముందే చెప్పా, కొత్తది తీసుకోమని" అంటున్నాడు. చెప్పలేదు. మా ఆవిడ అసలేమీ అనడం లేదు, అదింకా టెన్షన్‌గా ఉంది.

రోజుకి 40 కిలోమీటర్ల దాకా తిరుగుతాను. ఆ కాగితంలో నిజంగా ఇప్పుడు కావాల్సినవి ఏవి? ఇంత పాత బండికి ఏడాదికి ఎంత ఖర్చయితే మామూలు అనుకోవాలి?

వచ్చిన ధరకి

అమ్మేయండి. నచ్చకపోవచ్చు గానీ నా మాట అదే. లక్ష కిలోమీటర్లు దాటి పదేళ్లు పైబడ్డాక రబ్బరు, ప్లాస్టిక్ అన్నీ ఒకే వయసుకి వస్తాయి. ఒకటి మారిస్తే పక్కది పోతుంది. పోనీ ఇదంతా చేయించి తర్వాత అమ్ముదామనుకున్నా, కొత్త వాటర్ పంప్ వేయించారని ఎవడూ దమ్మిడీ ఎక్కువివ్వడు. పెట్టినది పెట్టినట్టే పోతుంది. నేను రెండేళ్లు మొండికేసి చేతులు కాల్చుకున్నవాణ్ణి.

లెక్కల పుస్తకం

నీలం సెడాన్ గారూ, ముందు ఆ ముల్లు సంగతి చూడండి. మీరు రాసినదంతా చదివితే నాకు భయమేసింది అక్కడొక్కచోటే.

నిలబడితే వేడెక్కి, కదిలితే చల్లబడుతోందంటే మొదటి అనుమానం రేడియేటర్ ఫ్యాన్ మీదే. బండి వేగంగా పోతున్నంతసేపూ ఎదురుగాలే రేడియేటర్‌ని చల్లారుస్తుంది, ఫ్యాన్‌తో పెద్దగా పనుండదు. ట్రాఫిక్‌లో ఆగినప్పుడు ఫ్యానే దిక్కు. కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) రేడియేటర్‌కి వెళ్లే దారిని తెరిచే థర్మోస్టాట్ మూసుకుపోయి బిగుసుకుని ఉంటే స్పీడ్‌లో కూడా వేడెక్కాలి, చల్లబడకూడదు. మీకిచ్చిన కాగితంలో వాటర్ పంప్ ఉంది, థర్మోస్టాట్ ఉంది, ఫ్యాన్ మాత్రం లేదు. నాకది వింతగా ఉంది.

ఇది మీరే చూసుకోవచ్చు. బానెట్ ఎత్తి, ఇంజిన్ ఆన్ చేసి, ఏసీ వేయండి. చాలా బండ్లలో ఏసీ వేసిన కాసేపటికే ఫ్యాన్ అందుకోవాలి. చేతులు దూరంగా పెట్టండి, అది చెప్పాపెట్టకుండా తిరగడం మొదలెడుతుంది. ఇంకో పని: పొద్దున్నే, ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీసి లోపల కూలెంట్ ఎంత ఉంది, ఏ రంగులో ఉంది చూడండి. వేడి మీద మాత్రం ఆ మూత జోలికి పోవద్దు. లోపల ప్రెషర్ ఉంటుంది, తీయగానే మరుగుతున్న నీళ్లు మొహం మీదికి చిమ్ముతాయి.

ఎందుకింత నొక్కి చెబుతున్నానంటే, నాదీ పాత సెడానే. పదేళ్ల బండిని కొని ఆరేళ్లుగా నడుపుతున్నాను. రెండో ఏడాది ఒక రాత్రి ఇంటికి వస్తుంటే ముల్లు పైకి పోయింది. ఇంకో ఆరు కిలోమీటర్లే కదా, మెల్లగా పోదాం అనుకున్నాను. మధ్యలో ముల్లు తనంతట తానే కిందికి దిగింది. హమ్మయ్య అనుకున్నాను. తర్వాత తెలిసింది ఏమిటంటే, కూలెంట్ అప్పటికే కారిపోయి సెన్సార్‌కి తగలడమే మానేసింది, అందుకే ముల్లు దిగింది. లోపల ఇంజిన్ ఉడుకుతూనే ఉంది. ఇంటి మలుపు దగ్గర ఆగిపోయింది. ఇంజిన్ పైభాగం, అంటే హెడ్, వంగింది. దానికీ కింది బ్లాకుకీ మధ్య ఉండే హెడ్ గ్యాస్కెట్ పోయింది. ఆయిల్ మూత తీస్తే లోపల మీగడలాంటి తెల్లటి నురగ. హెడ్ దించి, లేత్‌లో చదును చేయించి, మళ్లీ బిగించేసరికి పద్నాలుగు రోజులు. అసలు కారణం రేడియేటర్ పక్కనుండే ప్లాస్టిక్ ట్యాంకులో వెంట్రుకంత పగులు. ఆ రోజు పక్కకి ఆపి ఎవరినైనా లాక్కెళ్లమని పిలిచి ఉంటే రేడియేటర్ ఒక్కదానితో పోయేది. నా పుస్తకంలో ఒకే పనికి పడ్డ అన్నిటికంటే పెద్ద అంకె ఆ ఆరు కిలోమీటర్లదే.

ఇక మీ కాగితం.

పిస్టన్లూ వాల్వులూ ఒకే తాళంలో కదిలేలా చూసే టైమింగ్ బెల్ట్ విషయంలో మీ మెకానిక్ చెప్పింది కరెక్ట్. ముందు మీ ఇంజిన్‌కి ఉన్నది బెల్టా, చైనా అన్నది తేల్చుకోండి. చైన్ అయితే మామూలుగా గడువు పెట్టి మార్చరు, చప్పుడొస్తే, సాగితే చూస్తారు. బెల్ట్ అయితే కంపెనీ ఒక గడువు ఇస్తుంది. ఇంజిన్‌ని బట్టి అది మారుతుంది, కిలోమీటర్లు గానీ ఏళ్లు గానీ ఏది ముందు వస్తే అది. సర్వీస్ బుక్ లేదంటే బెల్ట్ మార్చలేదనే లెక్కేసుకోవాలి. చాలా ఇంజిన్లలో బెల్ట్ తెగితే పిస్టన్లు పైకొచ్చి, తెరుచుకుని ఉన్న వాల్వులని కొడతాయి. తెగేముందు చప్పుడు చేయాలనేమీ లేదు, నడుస్తూ నడుస్తూ ఆగిపోతుంది. వాటర్ పంప్‌ని తిప్పేది ఆ బెల్టే అయితే పంప్, బెల్ట్‌ని బిగువుగా పట్టి నడిపించే టెన్షనర్, ఐడ్లర్ అన్నీ అదే ఊపులో మార్పించండి. విప్పే కూలీ ఒకటే. పంప్ ఆర్నెల్ల తర్వాత కారితే మళ్లీ అంతా విప్పాలి.

బ్రేకులు, టైర్ల దగ్గర పొదుపు చేయకండి, కానీ అడిగి చేయించండి. డిస్క్ ఎంత మందం మిగిలిందో కొలిచి చూపించమనండి. ఎంతకి తగ్గితే మార్చాలో మామూలుగా డిస్క్ మీదే అచ్చుపోసి ఉంటుంది. బ్రేక్ వేసినప్పుడు స్టీరింగ్ వణకడం లేదు, మందం ఉంది అంటే ప్యాడ్లతో సరిపోవచ్చు. టైరు గోడ మీద నాలుగంకెల తేదీ ఉంటుంది. 2319 అని ఉంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైందని. గాళ్లు బాగానే కనిపించినా రబ్బరు గట్టిపడిపోతుంది, తడి రోడ్డు మీద పట్టుండదు. పదేళ్లకి దగ్గరపడ్డ టైరుని నేనైతే ఉంచను.

లోయర్ ఆర్మ్‌లు (ముందు చక్రాల్ని బండికి పట్టి ఉంచేవి): రబ్బరు బుష్ పోయిందా, బాల్ జాయింట్ వదులైందా అడగండి. బుష్ పగిలితే చప్పుడు, టైరు ఒకపక్క అరుగుదల. బాల్ జాయింట్ ఊడితే చక్రమే పక్కకి ఒరిగిపోతుంది. అది ఆగే పని కాదు. ఏది మార్చినా తర్వాత వీల్ అలైన్‌మెంట్ చేయించాలి.

టాపెట్ కవర్ ప్యాకింగ్, అంటే ఇంజిన్ పైమూత కింద ఆయిల్ కారకుండా వేసేది, చిన్న పని. కానీ ఆయిల్ స్పార్క్ ప్లగ్ గుంటల్లోకి దిగుతోందేమో చూడమనండి, దిగితే ఇంజిన్ మిస్ కొడుతుంది. ఇంజిన్ మౌంటింగులు తెగిపోలేదు, సిగ్నల్ దగ్గర స్టీరింగ్ కాస్త వణుకుతోంది, అంతే అయితే ఆగొచ్చు. నేను రెండేళ్లు ఆగాను. పళ్లు ఊడలేదు.

క్లచ్ "చివర్లో ఉంది" అంటారు. ఆ చివర నాలుగు నెలలు కావచ్చు, రెండేళ్లు కావచ్చు. ఖాళీ రోడ్డు మీద నాలుగో గేర్‌లో తక్కువ వేగంతో పోతూ ఒక్కసారి యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కండి. ఇంజిన్ గోల పెరిగి బండి వేగం పెరగకపోతే క్లచ్ జారుతోందని అర్థం. జారకపోతే ప్రస్తుతానికి వదిలేయండి.

ఖర్చు లెక్క అడిగారు. పెట్రోలు, బీమా కాకుండా ప్రతిదీ పుస్తకంలో రాస్తాను, చిన్న బల్బుతో సహా. బండి కొన్న ధర వంద అనుకోండి. మొదటి ఏడాది 40 పెట్టాను. రెండో ఏడాది, ఆ హెడ్ గొడవతో, 30. మూడో ఏడాది 8. నాలుగో ఏడాది క్లచ్ వచ్చింది, 12. ఐదో ఏడాది ఏసీ కండెన్సర్ కారింది, 9. ఆరో ఏడాది టైర్లు, బ్యాటరీ, షాక్ అబ్జార్బర్లు కలిపి 14. మొత్తం 113. అంటే ఇంకో బండి కొన్నంత పెట్టాను, కాదనను. కానీ అందులో 70 మొదటి రెండేళ్లదే.

ఎందుకలా అని చాలా ఆలోచించాను. అమ్ముదామని మనసులో అనుకున్న రోజు నుంచి ఎవరూ బండి మీద ఖర్చు పెట్టరు. బెల్ట్ వచ్చేవాడు చూసుకుంటాడులే, టైర్లు ఇంకో ఏడాది లాగుదాంలే అని నెట్టుకొస్తారు. మనం బండితో పాటు ఆయన వాయిదా వేసిన పనులన్నీ కొనుక్కున్నాం. ఆ కాగితం మీ బండి చెడ్డదని చెప్పడం లేదు, పాత ఓనర్ ఎన్నాళ్ల నుంచి చేయి ముడుచుకున్నాడో చెబుతోంది. పై మిత్రుడు అమ్మేయమన్నారు. అమ్మి ఇంకో పాత బండి కొంటే అక్కడా ఎవరిదో ఒక కాగితం ఉంటుంది. ఇది కనీసం మీరు చదివేసిన కాగితం.

షెడ్డులో ఉన్న రోజులు కూడా రాసుకున్నాను. ఆరేళ్లలో 31. ఆ రోజుల్లో ఆఫీసుకి ఎలా పోతారన్నది కూడా ఖర్చే.

పానా పట్టిన చేయి

ఇరవై ఏళ్లుగా ఇదే పని. లెక్కల పుస్తకం గారు చెప్పినదాంట్లో నాకు తేడా ఒక్కచోటే ఉంది, వరస దగ్గర. బెల్ట్ కంటే ముందు ఇంజిన్ బతికుందో లేదో చూడాలి.

ఒకసారి ముల్లు పైకెళ్లిన బండి కదా. హెడ్ గ్యాస్కెట్ టెస్ట్ చేయించండి. కూలెంట్ పైనున్న గాలిని ఒక నీలం ద్రవంలోంచి పీలుస్తారు, అది పసుపుగా మారితే ఇంజిన్ లోపలి మండిన వాయువు కూలెంట్‌లోకి వస్తున్నట్టు. పది నిమిషాల పని. దాంతోపాటు నాలుగు సిలిండర్లకీ కంప్రెషన్, అంటే పిస్టన్ గాలిని నొక్కితే వచ్చే ప్రెషర్, చూడమనండి. నాలుగూ దగ్గర దగ్గరగా ఉంటే మంచిది. ఒకటి బాగా తక్కువ ఉంటే అక్కడ ఆగి ఆలోచించండి. బండిని లిఫ్ట్ మీద ఎత్తించి కింద తుప్పు చూడండి, ముఖ్యంగా సస్పెన్షన్ బిగించే చోట్ల, డోర్ల కింద. స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే లోపలికి దిగిపోతోందంటే ఆ బండి మీద ఇక ఖర్చు పెట్టకండి. ఇంజిన్ మార్చొచ్చు, గేర్ బాక్స్ మార్చొచ్చు, పుచ్చిపోయిన బాడీని ఏం చేస్తాం?

ఈ మూడూ బాగుంటే అప్పుడు బెల్ట్, పంప్.

మీ మెకానిక్ పక్షాన ఒక మాట. పట్టీ పొడుగ్గా ఉంటే దోచుకుంటున్నాడనే అనుకుంటారు. కొందరు దోచుకుంటారు కూడా. కానీ మేము చూసింది చూసినట్టు రాయకపోతే, రేపు బెల్ట్ తెగాక "అప్పుడే ఎందుకు చెప్పలేదు" అని వచ్చేదీ వాళ్లే. అందుకని అన్నీ రాస్తాం. మీరు చేయాల్సింది ఒక్కో లైను మీద వేలు పెట్టి "ఇది ఇవాళ చేయకపోతే ఏమవుతుంది?" అని అడగడం. "బండి ఆగిపోతుంది" అన్నవి ఒక వైపు, "చప్పుడొస్తుంది" అన్నవి ఇంకోవైపు. సమాధానం చెప్పకుండా నసిగితే వేరే షెడ్డు చూసుకోండి. మార్చిన పాత పార్టులు డిక్కీలో పెట్టమనండి. అడిగేవాడి బండిని మేమూ కాస్త జాగ్రత్తగా చూస్తాం, అబద్ధమెందుకు.

ఫ్యాన్ తిరక్కపోతే ముందు ఫ్యూజు, తర్వాత రిలే (ఫ్యాన్‌కి కరెంట్ కలిపే చిన్న స్విచ్). చాలా బండ్లలో అదే రకం రిలే ఇంకో పనికి కూడా ఉంటుంది, అటుదిటు మార్చి చూస్తే నిమిషంలో తేలిపోతుంది. తర్వాత మోటార్‌కి నేరుగా బ్యాటరీ కరెంట్ ఇచ్చి చూస్తారు. అప్పుడు కూడా తిరక్కుండా, మెల్లగా తడితే తిరిగితే లోపల బ్రష్‌లు అరిగినట్టు.

కూలెంట్ బదులు కుళాయి నీళ్లు పోయకండి. తుప్పు, ఉప్పు పేరుకుని రేడియేటర్ సన్న గొట్టాలు మూసుకుపోతాయి. రంగు చూసి కలపడం కూడా వద్దు, ఒకే రంగులో వేరు వేరు రకాలుంటాయి. కంపెనీ పుస్తకంలో రాసిన రకం పోయండి.

పార్టుల దగ్గర: బెల్ట్, టెన్షనర్, థర్మోస్టాట్, బ్రేకులు మంచి కంపెనీవే వేయించండి. పక్క అద్దం, డోర్ హ్యాండిల్, బంపర్, అద్దాల మోటార్ లాంటివి పాత సామాన్లలో దొరికినవి వేసినా నష్టం లేదు.

తెల్ల హ్యాచ్‌బ్యాక్

మధ్యలో దూరుతున్నాను, ఏమనుకోకండి. నా బండిలో ఇంజిన్ లైటు వెలిగి పి0420 కోడ్ వస్తోంది. క్యాటలిటిక్ కన్వర్టర్ మార్చాలన్నారు. ధర విని కూర్చుండిపోయాను. నిజమేనా?

పానా పట్టిన చేయి

ఆ కోడ్, పొగని శుభ్రం చేసే కన్వర్టర్ పని సరిగ్గా కనిపించడం లేదని చెబుతుంది, మార్చమని చెప్పదు. ముందు సైలెన్సర్ పైపు జాయింట్లలో లీకుందా, ఆక్సిజన్ సెన్సార్ సరిగ్గా చదువుతోందా, ఇంజిన్ మిస్ కొడుతోందా, ఆయిల్ తాగుతోందా చూడాలి. ఆయిల్ తాగే ఇంజిన్‌కి కొత్త కన్వర్టర్ వేస్తే అదీ పాడవుతుంది. మిగతాది వేరే ప్రశ్నగా పెట్టండి, ఇక్కడ ఆయన బండి ఆగిపోయి ఉంది.

నీలం సెడాన్

అందరికీ థాంక్స్. పొద్దున్నే చూశాను.

ఏసీ వేసి పది నిమిషాలు నిలబడ్డాను, ఫ్యాన్ కదల్లేదు. రేడియేటర్ మూత తీస్తే, చల్లగా ఉన్నప్పుడే తీశానండీ, లోపల కూలెంట్ కాదు, తుప్పు రంగు నీళ్లు. నేను అమ్మినాయన్ని తిట్టుకుంటుంటే మా ఆవిడ వచ్చి చూసి "ఇది టీనా?" అంది. నెల తర్వాత బండి గురించి ఆవిడ మాట్లాడిన మొదటి మాట అది.

టైర్ల తేదీలు చూశాను. ముందు రెండూ ఆరేళ్లవి, వెనక రెండూ తొమ్మిదేళ్లవి. గాళ్లు మాత్రం కొత్తవాటిలా ఉన్నాయి, అందుకే ఇన్నాళ్లూ అనుమానం రాలేదు.

అన్నా, ఒక డౌట్. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేస్తే ఒక్క క్షణం వెనక నుంచి నీలం పొగ వస్తోంది, తర్వాత ఉండదు. ఇది కూడా హెడ్ గ్యాస్కెట్టేనా?

లెక్కల పుస్తకం

కాదు, భయపడకండి. గ్యాస్కెట్ పోతే తెల్ల పొగ, తియ్యటి వాసన, ఆగకుండా వస్తుంది. నీలం పొగ అంటే ఆయిల్ కాలుతోంది. స్టార్టింగ్‌లో ఒక్క క్షణం వచ్చి పోతే సాధారణంగా వాల్వ్ సీల్స్ గట్టిపడి, రాత్రంతా ఒకటి రెండు చుక్కలు కిందికి జారినట్టు. నడుస్తూ యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా వస్తే పిస్టన్ రింగులు, అది పెద్ద పని. నా బండి కూడా మూడు వేల కిలోమీటర్లకి ఒక లీటరు తాగుతుంది. దానికోసం ఇంజిన్ విప్పలేదు, డిక్కీలో ఒక డబ్బా పెట్టుకున్నాను. పదిహేను రోజులకోసారి డిప్‌స్టిక్ తీసి చూడండి. పాత ఇంజిన్లు ఆయిల్ తాగినందుకు పోవడం తక్కువ, అయిపోయినా ఎవరూ చూడనందుకు పోవడం ఎక్కువ.

ఫ్యాన్ బాగయ్యేదాకా బండి బయటికి తీయకండి.

వచ్చిన ధరకి

తుప్పు నీళ్లు అన్నాక నా అభిప్రాయం ఇంకా గట్టిపడింది. అయినా టెస్టులు చేయించి తేలాకే నిర్ణయించండి. ఒకటి మాత్రం ఒప్పుకుంటాను. నా బండి అమ్మేశాక కొన్నది కూడా పాతదే, దానికి కొన్న మూడో వారమే ఆల్టర్నేటర్ పోయింది.

నీలం సెడాన్

మూడు వారాల తర్వాత వచ్చాను. ఏమైందో మీకు చెప్పాలి కాబట్టి రాస్తున్నాను.

ముందు టెస్టులు చేయించాను. నీలం ద్రవం నీలంగానే ఉంది. కంప్రెషన్ నాలుగింటికీ దగ్గరగా వచ్చింది. కింద తుప్పు పైపైనే, స్క్రూడ్రైవర్ దిగలేదు. ఫ్యాన్ మోటార్ బ్రష్‌లు అరిగిపోయాయి, మోటార్ మార్చారు. కూలింగ్ లైన్లన్నీ మూడుసార్లు కడిగితే గానీ నీళ్లు తేటగా రాలేదు. సరైన కూలెంట్ పోశారు. నిన్న ట్రాఫిక్‌లో అరగంట ఏసీ వేసుకుని నిలబడ్డాను, ముల్లు కదల్లేదు. నేనే దాన్ని చూస్తూ కూర్చున్నాను, ముందు బండి కదిలినా గమనించలేదు, వెనకవాళ్లు హారన్ కొట్టారు.

బెల్ట్, పంప్, టెన్షనర్, ఐడ్లర్ అయ్యాయి. పాత బెల్ట్ చేతికిచ్చారు. వంచి చూస్తే పళ్ల మధ్య సన్నటి పగుళ్లు, ఒక అంచు ఆయిల్‌తో తడిసి మెత్తబడి ఉంది. వాల్వులని కదిపే క్యామ్ దగ్గరి ఆయిల్ సీల్ నుంచి కారి బెల్ట్ మీద పడుతోందట, అదీ మార్చారు. దాన్ని చూశాక మిగతా ఖర్చు గురించి బాధ కొంచెం తగ్గింది. టాపెట్ ప్యాకింగ్ కూడా అప్పుడే వేశారు. డిస్కులు కొలిస్తే ఇంకా మందం ఉంది, ప్యాడ్లు మాత్రం మార్చాం. క్లచ్ టెస్ట్ నేనే చేశాను, జారడం లేదు. మౌంటింగులు ఆపాను. మొత్తం మీద మొదటి కాగితంలో చెప్పినదాంట్లో సగం కంటే తక్కువే అయింది, టైర్లు కాకుండా. టైర్లు వచ్చే నెల.

ఇక ఆ టక్ టక్. లోయర్ ఆర్మ్‌లు విప్పబోయే ముందు "ఒక్కో లైను మీద వేలు పెట్టి అడగండి" అన్న మాట గుర్తొచ్చి అడిగాను. ఆ కుర్రాడు కాసేపు ఆలోచించి, బానెట్ ఎత్తి, బండి ముందుభాగాన్ని కిందికీ పైకీ ఊపాడు. టక్, టక్. తర్వాత బ్యాటరీ మీద చేయి గట్టిగా నొక్కిపెట్టి మళ్లీ ఊపమన్నాడు. చప్పుడు లేదు. మొదటి నెలలో కొత్త బ్యాటరీ వేసినప్పుడు దాన్ని పట్టి ఉంచే క్లాంప్ నట్టు సరిగ్గా బిగించలేదు. స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా బ్యాటరీయే ఎగిరి పడుతోంది. నట్టు బిగించాడు, డబ్బులు తీసుకోలేదు. ఎడమ ఆర్మ్ బుష్ మాత్రం నిజంగానే పగిలి ఉంది, దాన్ని మార్చి అలైన్‌మెంట్ చేశారు. కుడివైపుది బాగానే ఉంది, వదిలేశాం.

నేనూ ఒక పుస్తకం కొన్నాను. మొదటి పేజీలో బ్యాటరీ నుంచి మొదలుపెట్టి అన్నీ ఎక్కించాను. కొన్న ధర వంద అనుకుంటే ఇప్పటికి 27.

బావ ఆదివారం ఊరికి పోవాలి, బండి ఇస్తావా అని అడిగాడు. టైర్లు మార్చేదాకా కుదరదన్నాను.